ఛెస్టర్ హార్డింగ్ చూసిన డేనియల్ బూన్

అమెరికా అడవుల్లో బాటలు వేసిన వేటగాడు డేనియల్ బూన్ పేరు వినగానే చాలామందికి తలపుకు వచ్చేది రకూన్ అనే జంతువు తోలుతో చేసిన టోపీ. నిజానికి ఆయన అలాంటి టోపీ పెట్టుకునేవాడు కాదు, ఫెల్టు టోపీనే ఇష్టపడేవాడు. కథలు అంటించిన ఈ వేషం వెనుక ఉన్న మనిషిని చూడాలంటే మనకు మిగిలిన ఆధారం 1820లో ఛెస్టర్ హార్డింగ్ వేసిన చిత్రమే, ఎందుకంటే బూన్‌ను ఎదుట కూర్చోబెట్టుకుని చిత్రించినట్టు తెలిసినవాడు ఆయన ఒక్కడే.

పిట్స్‌బర్గ్‌లో దుకాణాలకు బోర్డులు రాస్తూ, గురువు లేకుండానే ముఖచిత్రాలు వేయడం నేర్చుకున్న హార్డింగ్‌కు అప్పటికి 27 ఏళ్ళు. ఆ జూన్‌లో సెయింట్ లూయిస్ నుంచి మిస్సోరి నదీతీరంలోని పల్లెసీమకు బూన్‌ను వెతుక్కుంటూ వెళ్ళాడు. ఇల్లు ఇంకా రెండు మైళ్ళు ఉందనగా దారి అడిగితే, ఆ పేరుగలవాడిని తానెరగనని ఒకాయన అన్నాడట. నది దగ్గరి పల్లంలో ఉండే ఆ తెల్లజుట్టు ముసలాయనే కదా అని ఆయన భార్య గుర్తుచేయవలసి వచ్చింది. 1775లో అప్పలాచియన్ కొండల్లోని కంబర్లాండ్ కనుమ గుండా కెంటకీకి బాట వేసి, పత్రాలు సరిగా లేక అక్కడి భూములన్నీ పోగొట్టుకుని, 1799లో మిస్సోరికి తరలివచ్చిన మనిషి చివరికి ఇరుగుపొరుగుకు తెల్లజుట్టుతోనే గుర్తుండిపోయాడన్న ఈ చిన్న సంగతి నన్ను ఎప్పుడూ కలచివేస్తుంది. ఆ బాట వెంట వచ్చినవారు షానీలనే ఆదివాసుల వేటభూములను ఆక్రమించుకున్నారన్న నిజాన్ని కూడా ఈ చిత్రం ముందు నేను మరవలేను.

హార్డింగ్ వెళ్ళేసరికి బూన్ ఒక పాత గుడిసెలో నిప్పు పక్కన పడుకుని, తుపాకీలో మందు దట్టించే కడ్డీకి జింక మాంసపు పేలిక చుట్టి కాల్చుకుంటున్నాడు. అడవుల్లో దిక్సూచి లేకుండా తిరిగారు కదా, ఎప్పుడూ దారి తప్పలేదా అని అడిగితే, తప్పిపోయానని చెప్పలేను గానీ ఒకసారి మూడు రోజులు తికమకపడ్డానని బదులిచ్చాడు. వయసు 85. మెడ నిలవనంత నీరసం వల్ల, చిత్రం వేస్తున్నంతసేపూ ఒక మిత్రుడు వెనుక నిలబడి ఆయన తలను పట్టుకోవలసి వచ్చింది.

అందుకే ఈ ముఖం నాకు అంత విలువైనది. చెంపలు లోపలికి పీక్కుపోయాయి, పెదవులు సన్నగా బిగుసుకున్నాయి, వెనక్కి దువ్విన జుట్టు నుదుటిని పూర్తిగా బయటపెట్టింది. హార్డింగ్ దేనినీ దాచలేదు, ఆయనను పడుచువాడిని చేయలేదు.

హార్డింగ్ ఒక నిలువెత్తు చిత్రాన్ని కూడా ఆయిల్‌క్లాత్‌పై వేశాడు. అంచులకు కుచ్చులున్న వేట చొక్కా, పొడవాటి తుపాకీ, కాళ్ళ దగ్గర కుక్క ఉన్న ఆ రూపం జేమ్స్ ఓటో లూయిస్ అదే ఏడాది చెక్కిన ముద్రాచిత్రం వల్లనే మనకు తెలుస్తోంది. అసలు చిత్రం కాలక్రమంలో పాడైపోగా, తల భాగాన్ని మాత్రం కోసి మరో కాన్వాసుకు అతికించారు. తుపాకీ, కుక్క, చొక్కా అన్నీ పోయి, ఆ మిత్రుడు పట్టుకుని నిలిపిన తలే మిగిలింది. ఆ ఏడాది సెప్టెంబరు 26న బూన్ కన్నుమూశాడు.