మేడ గదికి కరెంటు: వంపులు లెక్కపెట్టి వేసిన పైపు

తిరుపతి కొర్లగుంటలో మా ఇంటి మేడ మీద ఒక చిన్న గది ఉంది. అందులో చెక్కపనికి రంపం మిషను, డ్రిల్లు పెట్టుకోవాలని ఎంతోకాలంగా కోరిక. హాల్లోని డీబీ (ఇంటి సర్క్యూట్లన్నీ మొదలయ్యే పెట్టె) నుంచి అక్కడికి 4 చదరపు మి.మీ. వైర్లతో రెండు సర్క్యూట్లు వెళ్లాలి. ఒక్కోదానికి ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ అని మూడు చొప్పున మొత్తం ఆరు వైర్లు. పైపు వేయడం, వైరు లాగడం నా వంతు. డీబీలో కనెక్షన్లు, చివరి పరీక్షలు లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ వంతు.

ముందు కాగితం మీద దారి గీశాను. డీబీ నుంచి నిలువుగా పైకి, స్లాబు కింద అడ్డంగా, గోడ దాటి బయటకు, మళ్లీ పైకి, పిట్టగోడ దాటి మేడ మీదకు, చివర గది గోడెక్కి స్విచ్‌బోర్డుకు. మొత్తం 16 మీటర్లు, 90 డిగ్రీల బెండ్లు నాలుగు. సన్‌షేడ్‌ను తప్పించడానికి 30 డిగ్రీల చొప్పున రెండు చిన్న వంపులు. అన్నీ కలిపితే 420 డిగ్రీలు.

అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ ప్రకారం ఒక లాగుడు బాక్సుకూ (పైపు మధ్యలో వైరు అందుకుని లాగడానికి పెట్టే పెట్టె) మరోదానికీ మధ్య వంపుల మొత్తం 360 డిగ్రీలు దాటకూడదు. మన దగ్గర భవనాల టెండరు పత్రాల్లో కనిపించే షరతు ఇంకా గట్టిది: బాక్సుల మధ్య 10 మీటర్లు, రెండు లంబకోణ బెండ్లు మించకూడదు. పని చేతికి తెలిసిన వాళ్లు రాసిన షరతు ఇది.

ఎందుకంటే బెండ్ల బరువు కూడికగా పెరగదు, హెచ్చవేతగా పెరుగుతుంది. పలుపుతాడును గుంజకు రెండు చుట్లు తిప్పి పట్టుకుంటే ఎంత బలమైన ఎద్దునైనా ఒక చేత్తో ఆపవచ్చు. పైపు వంపులో వైరుకూ అదే గతి. దీనికి గణితవేత్త ఆయిలర్ పేరుతో ఒక సూత్రం ఉంది. ఘర్షణ గుణకం 0.5 అనుకుంటే ఒక బెండ్ దాటేసరికి లాగే బలం 2.2 రెట్లు, రెండు దాటితే 4.8, మూడుకు 10.5, నాలుగుకు 23 రెట్లు అవుతుంది. నా 420 డిగ్రీల దారిలో 39 రెట్లు! అవతలి కొసన ఒక కిలో బిగువు ఉంటే ఇవతల 39 కిలోలు లాగాలి. ఆ బలమంతా వంపు లోపలి అంచున ఇన్సులేషన్‌నే నొక్కుతుంది. వైరు ఎలాగోలా వచ్చినా, లోపల చర్మం ఒరుసుకుపోయి ఉంటే బయటికి కనపడదు. నాకు భయం అక్కడే.

ఆ సూత్రంలో వంపు వ్యాసార్ధం ప్రస్తావనే లేదు. అలాగని షార్ట్ ఎల్బో (ఇరుకు మలుపు ముక్క) వాడకూడదు. రాగి తీగ బిరుసుగా ఉంటుంది. ఇరుకు మలుపులో ఒత్తిడంతా ఒక్కచోటే పడుతుంది. అందుకే పైపులో బెండింగ్ స్ప్రింగు పెట్టి, వేడి చేసి, 10 సెం.మీ. వ్యాసార్ధంతో నిదానంగా వంచాను. వదిలాక కాస్త వెనక్కి వస్తుంది కాబట్టి కావలసినదానికన్నా కొంచెం ఎక్కువే వంచాలి.

దారి మార్చి, గోడ బయటకు వచ్చిన మూలన ఒక జంక్షన్ బాక్సు, పిట్టగోడ దగ్గర ఇంకొకటి పెట్టాను. దాంతో రెండు బెండ్లు బాక్సుల్లో కలిసిపోయాయి. ఇప్పుడు మొదటి ముక్కలో 90 డిగ్రీలు, రెండోదానిలో 60, మూడోదానిలో 90. బాక్సుల మూతల మీద సిమెంటు పూయకూడదు, తర్వాత కూడా తెరవగలగాలి. బయటి బాక్సులకు రబ్బరు గ్యాస్కెట్ మూతలు బిగించాను. గోడలోని రంధ్రాన్ని బయటి వైపు వాలుగా కొట్టాను. ఇక్కడ నవంబరు వానలకు అది తప్పనిసరి.

పైపు 25 మి.మీ. తీసుకున్నాను. 20 మి.మీ. పైపులో ఆరు వైర్లు పడతాయి గానీ లోపలి చోటులో దాదాపు 39 శాతం నిండిపోతుంది; అమెరికా కోడ్ హద్దు 40. 25 మి.మీ.లో పావు వంతు లోపే. ధరలో తేడా కొద్దిగానే. మేడ మీది పైపును పిట్టగోడ నీడ వైపు నడిపించాను. 5 మీటర్ల పీవీసీ పైపు 30 డిగ్రీల వేడి తేడాకు సుమారు ఒక సెం.మీ. సాగుతుంది కాబట్టి క్లాంపులు మరీ బిగించలేదు.

లాగే రోజున తమ్ముడు తోడొచ్చాడు. “ఏ కొస నుంచి లాగాలన్నా?” అన్నాడు. బెండ్ దగ్గరగా ఉన్న కొస నుంచి వైరు లోపలికి పంపి, దూరపు కొస నుంచి లాగాలి. అప్పుడు బిగువు ఇంకా పెరగకముందే వైరు వంపు దాటుతుంది. అందుకే మూడో ముక్కను గది వైపు నుంచి ఎక్కించి, పిట్టగోడ బాక్సు నుంచి లాగాం. ఆరు వైర్లనూ ఒకేసారి పంపాం. ముందే ఉన్న వైర్ల మీదుగా కొత్త వైరు లాగితే అది రంపంలా పాతదాన్ని కోస్తుంది. కొసలను హెచ్చుతగ్గులుగా ఒలిచి, ఫిష్ వైరు (ముందుగా పైపులోకి దూర్చి, దానితో వైర్లను లాగే బిరుసు తీగ) కొక్కేనికి మడిచి, ముందు సన్నగా, వెనక లావుగా టేపు చుట్టాను. రాసింది మామూలు టాల్కం పౌడరే. నూనె, గ్రీజు పీవీసీని పాడు చేస్తాయి, వాటి జోలికి పోలేదు. తమ్ముడు వైర్లు మెలిపడకుండా అందిస్తుంటే నేను లాగాను. ఒక చేత్తోనే వచ్చేసింది.

ఎలక్ట్రీషియన్ వచ్చి 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే పరికరం) చూశాడు. ప్రతి ఫేజ్, న్యూట్రల్ వైరుకూ, ఎర్త్‌కూ మధ్య నిరోధం కనీసం ఉండాల్సిన ఒక మెగాఓమ్ కంటే ఎంతో ఎక్కువగా చూపింది. ఇక గదిలో 16 ఆంపియర్ల సాకెట్లు, డీబీలో రెండు 20 ఆంపియర్ల ఎంసీబీలు (కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్చులు), ఒక ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చు) మిగిలాయి.