వెనిస్ గోపురం వెనకాల నేపుల్స్ పిజ్జా, అమ్మకు చీజ్ లేకుండా

ఇటాలియన్ రెస్టారెంట్ అయితే వెజ్ వాళ్లకు ఢోకా లేదు, ఇది అమెరికాలో మనవాళ్లందరూ ఒకరికొకరు చెప్పుకునే మాట. ఇండియా నుంచి అమ్మానాన్నలు రాగానే థాయ్ వద్దులే ఫిష్ సాస్ ఉంటుంది, మెక్సికన్ వద్దులే బీన్స్‌లో పంది కొవ్వు వేస్తారేమో, పిజ్జా పాస్తా అయితే ఏ గొడవా ఉండదు అనుకుని అక్కడికే తీసుకెళ్తాం. నన్నడిగితే గొడవ అక్కడే ఎక్కువ, కాకపోతే పైకి కనపడదు. మాంసం ముక్క ప్లేట్లో ఉంటే కంటికి తెలుస్తుంది. చీజ్ దేనితో విరగ్గొట్టారో, సూప్‌లో పోసిన నీళ్లు ఏం ఉడికించినవో చూసి చెప్పగలమా?

ఓర్లాండోలో డిస్నీ వాళ్ల ఎప్‌కాట్ పార్కుకి అమ్మానాన్నలతో వెళ్లినప్పుడు రాత్రి భోజనం వియా నాపోలి అనే ఇటాలియన్ రెస్టారెంట్‌లో చేశాం. మా పిన్ని కూతురు వాళ్ల అత్తగారూ మామగారూ వస్తున్నారట, ఇద్దరూ గుడ్డు కూడా ముట్టరట, అక్కడ ఏం తినొచ్చో రాసి పెట్టవే అని నా ప్రాణం తీస్తోంది. సరే, ఒక్కదానికి చెప్పేది అందరికీ చెబుదామని ఇక్కడ రాస్తున్నా.

ముందు చోటు సంగతి. ఎప్‌కాట్ 1982లో తెరిచారు. అందులో వరల్డ్ షోకేస్ అనే భాగంలో పెద్ద చెరువు చుట్టూ 11 దేశాలకు తలా ఒక పేట కట్టారు. ఇటలీ పేటకి వస్తే వెనిస్‌లోని సెయింట్ మార్క్స్ స్క్వేర్‌ని చిన్నది చేసి నిలబెట్టారు, గులాబీ రంగు డోజ్ ప్యాలెస్, పొడుగాటి గంటల గోపురం, నీళ్ల ఒడ్డున గొండోలా పడవలు, అన్నీ ఉన్నాయి. అవన్నీ దాటి లోపలికి నడిస్తే నెప్ట్యూన్ విగ్రహంతో ఒక ఫౌంటెన్, ఆ వెనకాల మన రెస్టారెంట్. వెనిస్ ఇటలీకి ఉత్తరాన ఉంటే, ఈ రెస్టారెంట్ పేరులోని నాపోలి, అంటే నేపుల్స్, ఎక్కడో దక్షిణాన ఉంది. ఊరు ఒకరిది, వంట ఇంకొకరిది, ఇటలీ వాళ్లకి ఇది ఎలా ఉంటుందో నాకు తెలీదు గానీ ఆకలి మీద ఉన్నవాళ్లకి అభ్యంతరం ఏమీ ఉండదు.

2010లో మొదలైన ఈ రెస్టారెంట్‌లో అసలు ఆకర్షణ కట్టెల పొయ్యిలు. వంటగది అంతా బయటికే కనిపిస్తుంది, వరసగా మూడు పొయ్యిలు, ఒక్కోదానికి ఒక పెద్ద మొహం చెక్కి ఉంటుంది, తెరిచిన నోట్లో మంట మండుతూ ఉంటుంది. ఎట్నా, వెసూవియో, స్ట్రాంబోలి అని ఇటలీ అగ్నిపర్వతాల పేర్లు పెట్టారు. నాన్న మాత్రం మూడింటికీ కలిపి బకాసురుడు అని ఒకటే పేరు పెట్టేశారు, ఇప్పటికీ ఆ హోటల్‌ని అలాగే పిలుస్తారు. పిండి నేపుల్స్‌లోని కపూతో మిల్లుది, నీళ్లేమో నేపుల్స్ నీళ్లకి దగ్గరగా ఉంటాయని పెన్సిల్వేనియా నుంచి తెప్పిస్తారని చెబుతారు. ఇది చదివి వినిపిస్తే, "ఆ నీళ్లకి కూడా మన దగ్గరే లాగుతున్నారన్నమాట" అన్నారు నాన్న. నిజమే, చవక భోజనం కాదు. పార్కు లోపల ఉంది కాబట్టి ఎప్‌కాట్ టికెట్ లేకుండా అక్కడికి వెళ్లలేం కూడా. టేబుల్ 60 రోజుల ముందు నుంచే బుక్ చేసుకోవచ్చు, సెలవుల్లో అయితే అలా చేసుకోవడమే మంచిది.

మెనూలో కొన్నింటి పక్కన చిన్న ఆకు గుర్తు ఉంటుంది. డిస్నీ హోటళ్లలో 2019 నుంచి పెడుతున్నారు. అమ్మ అది చూసి మన పచ్చ చుక్క లాంటిదే అనుకుని ఆకు ఉన్నవే వెతకడం మొదలుపెట్టింది. కాదు. పచ్చ చుక్కకి పాలు, నెయ్యి, తేనె ఉన్నా ఫరవాలేదు. ఈ ఆకుకి మాంసం, గుడ్డుతో పాటు పాలు, తేనె కూడా ఉండకూడదు. అంటే మార్గరీటా పిజ్జాకి ఆకు రాదు, చీజ్ ఉంది కాబట్టి. ఆకు ఉంటే కళ్లు మూసుకుని తినొచ్చు, లేకపోతే మాత్రం మానేయక్కర్లేదు, అడగాలి. ఈ ఒక్క సంగతి తెలియక మనవాళ్లు చాలామంది రెండు ఐటమ్స్‌తో సరిపెట్టుకుని లేచొచ్చేస్తారు.

అసలు పేచీ చీజ్ దగ్గర. పాలు విరగ్గొట్టడానికి రెన్నెట్ వాడతారు, పాత పద్ధతిలో అది పాలు తాగే దూడ కడుపు పొర నుంచి తీస్తారు. ఇండియాలో అమ్మే చీజ్‌కి సూక్ష్మజీవుల నుంచి చేసిన రెన్నెట్ వాడతారు కాబట్టి మనకి ఆ ఆలోచనే రాదు. అమెరికాలో తయారయ్యే చీజ్ కూడా ఎక్కువ శాతం అలాంటిదే. కానీ ఇటలీ నుంచి వచ్చే అసలైన పార్మిజానో రెజానోకి దూడ రెన్నెట్టే వాడాలని వాళ్ల నిబంధనల్లోనే ఉంది. గ్రానా పదానో కూడా అంతే, పెకోరీనో రొమానోకి గొర్రెపిల్లది. హోటల్ ఎంత అసలైన ఇటాలియన్ అయితే మనకి అంత ఇబ్బంది అన్నమాట! మొజరెల్లా ఏ రకానిదో అడిగితేనే తెలుస్తుంది. నేను చీజ్ తింటాను, ఇందులో పెద్ద పట్టింపు లేదు, కానీ అమ్మకి ఈ విషయం చెప్పకుండా తినిపించడం నాకు ఇష్టం లేదు. చెప్పాను. "అయితే నాకొద్దమ్మా, టమాటాతో ఏదైనా చెయ్యమను" అంది, అంతే, పెద్ద చర్చ ఏమీ జరగలేదు.

మా టేబుల్‌కి వచ్చిన అమ్మాయి ఇటలీ నుంచి వచ్చిందే, ఈ పేటల్లో పని చేయడానికి ఆయా దేశాల నుంచి మనుషుల్ని పిలిపిస్తుంటారు. ఇక్కడ ఒక సలహా: వెజిటేరియన్ అని చెప్పి ఊరుకోవద్దు. ఆ మాటకి గుడ్డు వస్తుంది, ఒక్కోచోట కోడి ఎముకలు ఉడికించిన నీళ్లూ వచ్చేస్తాయి. మాంసం, కోడి, చేప, గుడ్డు, వాటి రసం, ఏవీ వద్దు అని విడివిడిగా చెప్పాలి. చెబితే ఆ అమ్మాయి విసుక్కోలేదు సరికదా లోపలికి వెళ్లి అడిగొచ్చింది. అలా ఎక్కడైనా అడగాల్సినవి నాకు తెలిసి ఇవి: మినస్ట్రోనీ సూప్‌లో పంది మాంసం ముక్కలు గానీ చికెన్ బ్రాత్ గానీ ఉండొచ్చు, బియ్యంతో చేసే రిజోట్టోది కూడా అదే కథ. సీజర్ సలాడ్ పచ్చటి ఆకులతో అమాయకంగా కనిపిస్తుంది గానీ ఆ డ్రెస్సింగ్‌లో ఆంచోవీ అనే చిన్న చేపలు నూరి కలుపుతారు. పుట్టనెస్కా సాస్‌లో కూడా అవే. పెస్తో అంటే తులసి లాంటి ఆకు పచ్చడే కదా అనుకుంటాం, అందులో పైన చెప్పిన చీజ్ ఉంటుంది. అరంచీని మన ఆలూ బోండాలా ఊరిస్తుంది, లోపల మాంసం కూరి ఉండొచ్చు. పాస్తాలో స్పగెట్టి, పెన్నె లాంటి ఎండువి రవ్వ, నీళ్లతో చేసినవే, అప్పటికప్పుడు చేసే ఫెట్టుచీనీ, రావియోలీ లాంటివాటిలో చాలావరకు గుడ్డు కలుస్తుంది.

మాకోసం ఒక పెద్ద మార్గరీటా చెప్పాం. అమ్మకి చీజ్ లేకుండా టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనెతో చిన్న పిజ్జా చేసిపెట్టారు, పైన పుట్టగొడుగులు అడిగి వేయించాం. చీజ్ తీసేశాం కదా అని అదేదో రోగుల భోజనం అనుకోవద్దు, నేపుల్స్‌లో మరినారా అని సరిగ్గా ఇలాంటిదే ఎప్పటినుంచో ఉంది. పేరు వినగానే మెరైన్ గుర్తొచ్చి సముద్రం, చేపలు అని కంగారు పడతారు గానీ అందులో చేప ఉండదు.

ప్లేటు టేబుల్ మీదకి రాగానే అమ్మ మొదటి మాట, "మాడ్చేశారే!" అంచు మీద నల్ల మచ్చలు చూసి. ఆ పద్ధతే అంత, పొయ్యి 430 సెల్సియస్ డిగ్రీలు దాటి కాగుతుంటే పిజ్జా నిమిషం, నిమిషంన్నరలో బయటికి వచ్చేస్తుంది, ఆ వేడికి అంచు పొంగి అక్కడక్కడ నల్లబడుతుంది. నేపుల్స్ వాళ్ల ఈ పిజ్జా విద్యని 2017లో యునెస్కో వారసత్వ జాబితాలో కూడా చేర్చింది. యునెస్కో పేరు చెప్పినా అమ్మ నల్ల మచ్చలు గిల్లి పక్కన పెట్టే తింది, కానీ మొత్తం తింది. మధ్యలో మెత్తగా జారిపోతూ ఉంటుంది, మనకి అలవాటైన డెలివరీ పిజ్జాలా గట్టిగా పైకి లేవదు. మా ఆయన కత్తీ ఫోర్కూ పట్టుకుంటే నాన్న నాలుగు మడతలు పెట్టి చేత్తో లాగించేశారు. టమాటా సాస్ పుల్లగా, కాస్త తియ్యగా, మసాలా అంటూ ఏదీ లేకుండా భలే ఉంది. నాన్నకి మాత్రం చప్పగా అనిపించింది. ఎండుమిర్చి గింజలు అడిగితే ఇచ్చారు, గిన్నెలో సగం ఆయన ముక్కల మీదకే వెళ్లింది.

డెజర్ట్ దగ్గర మళ్లీ కథ మొదటికొచ్చింది. తిరమిసూలో పచ్చి గుడ్డు సొన పడుతుంది, చాలాచోట్ల మద్యం కూడా కలుపుతారు. (అందులో వేసే మస్కర్‌పోనే చీజ్‌కి మాత్రం రెన్నెట్ అక్కర్లేదు, మీగడని పులుపుతో విరగ్గొడతారు.) పన్నాకోటాలో జెలటిన్, అంటే జంతువుల ఎముకలు, చర్మం. జెలాటో అనే ఇటాలియన్ ఐస్‌క్రీంలో కొన్ని రకాలకి గుడ్డు సొన వేస్తారు. గుడ్డూ వద్దు పాలూ వద్దు అనుకుంటే పళ్ల రసంతో చేసే సోర్బే ఉంటుంది, అది కూడా ఒకసారి అడిగే తీసుకోండి. నాన్నది వేరే సిద్ధాంతం, కనపడని గుడ్డు గుడ్డు కాదు. తిరమిసూ తెప్పించుకుని అమ్మ ఎదురుగానే తిన్నారు. "రేపు ఏకాదశి, గుర్తుందా?" అంది అమ్మ. "రేపు కదా" అన్నారు ఆయన, చెంచా ఆపకుండా.