డాబా మీది డాంగిల్: ట్యాంకు నిండితే మాయం

ఆదివారం సాయంత్రం నుంచి ఇప్పటిదాకా మా డాబా మీది నీళ్ల ట్యాంకు ఏడుసార్లు నిండింది. ఏడుసార్లూ నా యూఎస్‌బీ డాంగిల్ (కంప్యూటర్‌కు గుచ్చే చిన్న పరికరం) కనెక్షన్ చెక్కుచెదరలేదు. ఈ రెండు వాక్యాలు రాయడానికి నాకు ఐదు వారాలు పట్టింది, అందుకే ముందు అవే చెప్పేస్తున్నా.

కొత్తగా చదివేవాళ్ల కోసం: హనుమకొండలో మాది రెండంతస్తుల ఇల్లు. పైన మెట్ల గదిలో రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే కంప్యూటర్ ఉంది. దానికి విమానాల సిగ్నళ్లు పట్టే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అనే రేడియో రిసీవర్ డాంగిల్, ఒక జీపీఎస్ రిసీవర్, వాతావరణ సెన్సార్ల సీరియల్ కేబుల్ తగిలించాను. నా డెస్క్‌టాప్ కింది గదిలో ఉంటుంది. మధ్యలో 28 మీటర్ల క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్. యూఎస్‌బీ పరికరాలను నెట్‌వర్క్ మీద పంచే యూఎస్‌బీఐపీతో ఆ మూడూ కింది సిస్టమ్‌కే గుచ్చినట్టు కనిపించాలని నా కోరిక. జీపీఎస్, సీరియల్ మొదటి రోజే పనిచేశాయి. నాన్న గదిలోని పాత స్కానర్‌ను ఇంకో పాత రాస్ప్‌బెర్రీకి పెడితే అదీ వచ్చేసింది.

డాంగిల్ డేటాను నెట్‌వర్క్ మీద పంపే ఆర్‌టీఎల్-టీసీపీ ప్రోగ్రాం ఉండగా యూఎస్‌బీఐపీ ఎందుకని చాలామంది అడిగారు. డాంగిల్ ఒక్కటే అయితే నేనూ అదే వాడమంటాను, తేలిక కూడా. కానీ నేను వాడే ప్రోగ్రాముల్లో రెండింటికి నెట్‌వర్క్ మీది డాంగిల్ అసలు కనిపించదు, అవి సొంత పోర్టులో ఉన్నదాన్నే తెరుస్తాయి. పైగా అన్నిటినీ ఒకే పద్ధతిలో, ఒకే చోట నుంచి నడపాలని ఉంది. డేటా విషయంలో భయం లేదు: సెకనుకు 24 లక్షల శాంపిళ్లు, ఒక్కో శాంపిల్‌కు 2 బైట్లు, మొత్తం 38.4 మెగాబిట్లు. వేగం కొలిచే ఐపెర్ఫ్‌తో చూస్తే నా లైన్ 940 మెగాబిట్లు ఇస్తోంది.

ఇక అసలు బాధ. డాంగిల్ గంటల తరబడి బాగానే నడిచేది, ఉన్నట్టుండి ఊడిపోయేది, అంటే గుచ్చే ఉన్నా కనెక్షన్ తెగిపోయేది. కింద డెస్క్‌టాప్ లాగ్‌లో వర్చువల్ పోర్టు కనెక్షన్ మూసుకుందని ఒక్క లైను, అంతే. నేరుగా గుచ్చిన డాంగిల్ ఊడితే రెండు సెకన్లలో మళ్లీ కనిపిస్తుంది. యూఎస్‌బీఐపీలో అలా కాదు. అవతల వస్తువు ఒక్కసారి పోయిందంటే ఇవతల పోర్టు ఖాళీ అయిపోతుంది. మళ్లీ అటాచ్ కమాండ్ ఇచ్చేదాకా అలాగే ఉంటుంది. రాత్రి పడుకునేముందు బాగున్న రికార్డింగు పొద్దున్నే ఆరున్నరకు ఆగిపోయి ఉంటే ఎంత ఉసూరుమంటుందో అనుభవిస్తే తెలుస్తుంది.

మొదటి వారమంతా ఊహలతోనే గడిచింది. ఖాళీగా ఉన్న పరికరాన్ని నిద్రపుచ్చే ఆటోసస్పెండ్ అనుకుని ఆపేశాను, తేడా లేదు. నడుస్తున్న డాంగిల్ నిద్రపోదు కదా. లైన్ పడిపోతోందేమో అనుకుని చూస్తే రాస్ప్‌బెర్రీలో ఈథర్నెట్ లింక్ డౌన్ అయిన జాడే లేదు, పింగ్ (కబురు వెళ్లి తిరిగొచ్చే సమయం) 0.4 మిల్లీసెకన్ల దగ్గరే ఉంది. పవర్ తక్కువేమో అనుకుని థ్రాటిల్ విలువ చూశాను, 0ఎక్స్0, అంటే రాస్ప్‌బెర్రీ ఆన్ అయినప్పటి నుంచి ఒక్కసారి కూడా వోల్టేజీ పడలేదు. అయినా మల్టీమీటర్ పెట్టాను: రాస్ప్‌బెర్రీ పోర్టు దగ్గర 5.06 వోల్టులు, 3 మీటర్ల యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ చివర, డాబా మీదున్న డాంగిల్ దగ్గర 4.7. తక్కువే కానీ డాంగిల్ పడిపోయేంత కాదు. తర్వాత ఎండ మీద అనుమానం వచ్చింది. మధ్యాహ్నం డాంగిల్ ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. కానీ ఊడిపోయేది ఎక్కువగా పొద్దున 6, 7 మధ్య. ఆ వేళకు డాబా చల్లగా ఉంటుంది.

నేను చేసిన పెద్ద పొరపాటు ఏంటంటే, ఇన్నాళ్లూ కింది సిస్టమ్ లాగే చదువుతున్నాను. డాంగిల్ ఊడగానే రాస్ప్‌బెర్రీని రీస్టార్ట్ చేసేవాణ్ని. దాని లాగ్ ర్యామ్‌లో ఉంటుంది, రీస్టార్ట్‌తో సాక్ష్యం కూడా పోయేది. ఎనిమిదో రోజు రాస్ప్‌బెర్రీ లాగ్ మొత్తం నెట్‌వర్క్ మీద డెస్క్‌టాప్‌కు వచ్చేలా పెట్టాను. మర్నాడు పొద్దున 6:41కి ఈ లైను పడింది: డిసేబుల్డ్ బై హబ్, ఈఎంఐ?, రీఎనేబ్లింగ్. దాని కిందే 1-1.3 (డాంగిల్ గుచ్చిన పోర్టు) దగ్గరి పరికరం డిస్‌కనెక్ట్, మళ్లీ కొత్త నంబరుతో ప్రత్యక్షం.

ఈఎంఐ అంటే ఇక్కడ లోను వాయిదా కాదు, ఎలక్ట్రోమాగ్నెటిక్ ఇంటర్‌ఫియరెన్స్, అంటే పక్కనున్న కరెంటు వస్తువుల నుంచి వచ్చే విద్యుత్ అలజడి. పరికరం గుచ్చే ఉన్నా యూఎస్‌బీ పోర్టులను నడిపే హబ్ తనంతట తాను పోర్టు మూసేసినప్పుడు లైనక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఈ మాట రాస్తుంది. ప్రశ్నార్థకం కూడా కెర్నల్‌దే. ఆ ఒక్క గుర్తు చూశాక నాకు ప్రాణం లేచొచ్చింది.

6:41కి ఇంట్లో ఏం జరిగిందని అమ్మను అడిగాను. "ఏముంటది, ట్యాంకు నిండి మోటరు బందైంది" అంది.

బోరు మోటరు కింద ఉంటుంది, స్టార్టర్ డబ్బా కూడా కిందే. మరి డాబా మీద డాంగిల్‌కు దానితో సంబంధం ఏంటి? ట్యాంకులో ఫ్లోట్ స్విచ్ ఉంది, నీళ్లు నిండితే మోటరును ఆపేది అదే. దాని వైరు డాబా నుంచి స్టార్టర్ దాకా వెళ్లి కాంటాక్టర్ (మోటరుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్) కాయిల్‌కు కలుస్తుంది, అదీ నేరుగా 230 వోల్టుల మీద. నీళ్లు నిండి ఫ్లోట్ తెరుచుకోగానే కాయిల్‌లో పారుతున్న కరెంటు ఒక్కసారిగా తెగుతుంది. కాయిల్ ఊరుకోదు, పెద్ద వోల్టేజీ విసురుతుంది, ఫ్లోట్ లోపలి కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ లేస్తుంది. ఆ వైరును, నా యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్‌ను ఒకే ట్యాంకు పైపుకు, ఒకే ప్లాస్టిక్ ట్యాగులతో, రెండున్నర మీటర్ల పొడవునా కలిపి కట్టింది నేనే.

అనుమానం సరిపోదు, లెక్క కావాలి. పది రోజులు రాసుకున్నాను. ఫ్లోట్ మోటరును ఆపిన 14 సార్లలో 11 సార్లు డాంగిల్ ఊడింది. నిండకముందే అమ్మ కింద స్టార్టర్ బటన్‌తో ఆపిన 9 సార్లలో ఒక్కసారీ ఊడలేదు. మోటరు మొదలైనప్పుడు 23 సార్లలో ఒక్కటీ లేదు. మోటరు మొదలైతే వోల్టేజీ పడుతుంది కాబట్టి అనుమానం అందరికీ దాని మీదికే పోతుంది, నాక్కూడా పోయింది. కానీ దోషి ఆగే క్షణం, అదీ డాబా మీద ఆగే క్షణం.

తర్వాత ఒక్కో మార్పు విడిగా చేశాను, రెండు కలపలేదు. ఎక్స్‌టెన్షన్ రెండు చివర్లా క్లిప్ ఫెర్రైట్లు (అలజడిని అడ్డుకునేందుకు కేబుల్‌కు తొడిగే దిమ్మలు): ట్యాంకు నిండిన 8 సార్లలో 6 సార్లు ఊడింది. ఫెర్రైట్ల మీద జనం పెట్టుకునే నమ్మకం నాకు లేదు. వైరు నుంచి ఎక్స్‌టెన్షన్‌ను 40 సెంటీమీటర్లు దూరం జరిపాను: 8లో 3. ఎక్స్‌టెన్షనే తీసేసి, మంచి షీల్డు ఉన్న 30 సెంటీమీటర్ల కేబుల్‌తో డాంగిల్‌ను రాస్ప్‌బెర్రీ పక్కకు తెచ్చి, యాంటెన్నా వైపు 3 మీటర్ల ఆర్‌జీ-6 యాంటెన్నా కేబుల్ వేశాను: 9లో 1. యాంటెన్నా కేబుల్ పెరిగితే సిగ్నల్ పోతుందని ఇన్నాళ్లూ డాంగిల్‌ను పైకెక్కించాను. విమానాల సిగ్నళ్లు వచ్చే 1090 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ మూడు మీటర్లకు పోయేది ఒక డెసిబెల్ లోపే. యూఎస్‌బీని పొట్టిగా, యాంటెన్నా కేబుల్‌ను పొడుగ్గా పెట్టడమే సరైన పద్ధతి అని ఇప్పుడు గట్టిగా చెప్పగలను.

మిగిలిన ఆ ఒక్కటి కూడా పోవాలని ఆదివారం ఎలక్ట్రీషియన్ అన్నను పిలిచాను. 100 ఓమ్‌ల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 రకం కెపాసిటర్ వరసగా కలిపిన స్నబ్బర్‌ను (కాయిల్ విసిరే వోల్టేజీని మింగే జత) కాంటాక్టర్ కాయిల్ రెండు కొసలకు వేశాడు. "గింత దానికా తమ్మీ ఇన్నిదినాలు తిప్పలపడ్డవ్" అన్నాడు స్క్రూ బిగిస్తూ. మామూలు కెపాసిటర్ మాత్రం ఇక్కడ వేయకండి, మెయిన్స్ మీద ఎక్స్2 గుర్తు ఉన్నదే వేయాలి. మెయిన్ ఆఫ్ చేయకుండా ఆ డబ్బా తెరవకండి.

ఇంకా ఒక చిన్న సందేహం ఉంది. డాంగిల్ ఊడట్లేదు కానీ, ఏడింట్లో రెండుసార్లు సరిగ్గా ఆ క్షణంలోనే కొన్ని బైట్లు పోయాయని డాంగిల్‌ను పరీక్షించే ఆర్‌టీఎల్ టెస్ట్ ప్రోగ్రాం చూపించింది. నా అంచనా: ఆ క్షణంలో యూఎస్‌బీ ప్యాకెట్లు చెడి మళ్లీ పంపాల్సి వస్తోంది, ఈలోపు డాంగిల్‌లోని చిన్న బఫర్ నిండి పొర్లుతోంది. విమానాల పనికి ఇది లెక్కలోకి రాదు, కానీ నాకు మనసొప్పట్లేదు.

అటాచ్ సంగతి కూడా చక్కబెట్టాను. రాస్ప్‌బెర్రీలో డాంగిల్ కనబడగానే దాన్ని యూఎస్‌బీఐపీకి అప్పగించేలా (బైండ్) ఒక యూడెవ్ రూల్, అంటే పరికరం గుచ్చగానే నడిచే ఆదేశం; కింద డెస్క్‌టాప్‌లో ఐదు సెకన్లకోసారి పోర్టు చూసి లేకపోతే అటాచ్ చేసే స్క్రిప్టు. చేత్తో పీకి చూస్తే ఏడెనిమిది సెకన్లలో తిరిగొస్తోంది. విండోస్ వాడేవాళ్లు ఈ తలనొప్పి పడకుండా ఇదే పని చేసే వర్చువల్‌హియర్ అనే సాఫ్ట్‌వేర్ చూడండి. ఒక్క పరికరం వరకు ఉచితం, తెగితే తనే మళ్లీ కలుపుకుంటుంది. నేను మాత్రం యూఎస్‌బీఐపీతోనే ఉంటాను. 2014లో 3.17 వెర్షన్‌తో ప్రయోగ దశ దాటినప్పటి నుంచి అది కెర్నల్‌లోనే ఉంది, ఎవరి లైసెన్సుతోనూ పని లేదు. కాకపోతే దాని 3240 పోర్టుకు పాస్‌వర్డు లేదు, ఎన్‌క్రిప్షన్ లేదు. ఇంటి బయటి నుంచి కావాలంటే వైర్‌గార్డ్ (వీపీఎన్) లోపలే నడపండి, రౌటర్‌లో పోర్టు మాత్రం తెరవకండి.

అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇంకోటి ఉంది. ఈ డాంగిల్ గొడవలో పడకపోతే, ట్యాంకు నీళ్లలో వేలాడే వైరులో 230 వోల్టులు ఉన్నాయని నేను ఎప్పటికీ పట్టించుకునేవాణ్ని కాదు. అమ్మ తడి చేతులతో మూత తీసి చూసే ట్యాంకు అది. ఎలక్ట్రీషియన్ అన్నతో మాట్లాడాను, శనివారం వస్తానన్నాడు. ఫ్లోట్‌కు 12 వోల్టులే వెళ్లేలా, స్టార్టర్ డబ్బాలో ఒక రిలే పెట్టి కాంటాక్టర్‌ను దానితో నడపాలి. ఆ రిలే కాయిల్ కూడా వోల్టేజీ విసరకుండా దానికి అడ్డంగా వేయాల్సిన డయోడ్ నేనే తెచ్చి ఉంచాను.