ప్రావిడెన్స్‌లో లవ్‌క్రాఫ్ట్ వెంట

బోస్టన్ సౌత్ స్టేషన్‌లో లోకల్ రైలు ఎక్కితే కాస్త అటూ ఇటూగా గంటలో ప్రావిడెన్స్ వచ్చేస్తుంది. అమెరికాలో అన్నిటికన్నా చిన్న రాష్ట్రమైన రోడ్ ఐలండ్‌కి ఇది రాజధాని. నేను వచ్చింది భయానక కథల రచయిత హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ కోసం. స్టేషన్ నుంచి నది దాటగానే కాలేజ్ హిల్ మొదలవుతుంది. నిట్టనిలువు వీధులు, పిక్కలు పట్టేస్తాయి. 1890లో పుట్టి 1937లో పోయిన ఆ మనిషి, పెళ్లి చేసుకుని న్యూయార్క్‌లో ఉన్న రెండేళ్లు తప్ప, బతుకంతా ఈ కొండ చుట్టుపక్కలే గడిపాడు.

ముందుగా లాడ్ అబ్జర్వేటరీకి వెళ్లాను. 1891లో కట్టిన చిన్న భవనం, పైన గోపురం, లోపల 12 అంగుళాల టెలిస్కోప్. ఇంటికి తెలిసిన ప్రొఫెసర్ ఒకాయన చలవతో కుర్రాడు లవ్‌క్రాఫ్ట్‌కి ఇక్కడ ప్రవేశం దొరికింది. పదమూడేళ్లైనా నిండకముందే ఖగోళశాస్త్రం మీద సొంతంగా ఒక పత్రిక మొదలుపెట్టాడు. ఖగోళ శాస్త్రవేత్త కావాలనుకున్నాడు గానీ లెక్కలు మింగుడుపడలేదు. నరాల జబ్బు చేసి హైస్కూల్ చదువే ఆగిపోయింది. అతని కథల్లో భయం దయ్యాలది కాదు. అంతులేని ఈ విశ్వానికి మనిషనేవాడు ఉన్నాడన్న సంగతే పట్టదు అన్న భయం. అది ఏ పాడుబడ్డ మేడలోనో పుట్టింది కాదని, ఈ గోపురం కిందే పుట్టిందని నాకు గట్టిగా అనిపించింది.

కొండ మీద అతని కథలే మ్యాపు. థామస్ వీధిలో బొమ్మలు చెక్కిన ముఖద్వారంతో ఫ్లర్-డి-లిస్ అనే కళాకారుల భవనం ఉంది. 'ది కాల్ ఆఫ్ కథుల్హు'లో పీడకలలు కనే శిల్పి ఉండేది ఇందులోనే. బెనిఫిట్ వీధిలో 135 నంబరు ఇల్లు ఇంకో కథకి ఆధారం. ఇప్పటికీ మనుషులు కాపురముంటున్న ఇల్లు కాబట్టి దూరం నుంచే చూసి కదిలాను. న్యూయార్క్ నుంచి తిరిగొచ్చాక ఉన్న బార్న్స్ వీధి 10వ నంబరు ఇంట్లోనే అతని పెద్ద రచనలు చాలా వచ్చాయి. అంటార్కిటికా నేపథ్యంగా 1931లో రాసిన నవలని, అతనికి అలవాటైన పత్రికే తిప్పి పంపింది. అయిదేళ్ల తర్వాత వేరే పత్రికలో, అదీ కోతలు పడి అచ్చైంది. ఆ దెబ్బ నుంచి అతను పూర్తిగా కోలుకోలేదు. పొట్ట గడవడానికి ఇతరుల రచనలు దిద్దిపెట్టేవాడు. అరకొర తిండి, చివరికి పేగు క్యాన్సర్. నలభై ఆరేళ్లకే పోయాడు.

స్వాన్ పాయింట్ శ్మశానంలో అతనికంటూ విడిగా రాయి ఉండేది కాదు. కుటుంబ స్తంభం మీద పేరు మాత్రం ఉండేది. 1977లో అభిమానులు చందాలు వేసుకుని ఒక రాయి పెట్టించారు. 'నేనే ప్రావిడెన్స్' అని అతను ఒక ఉత్తరంలో రాసుకున్న మాటే దాని మీద చెక్కించారు. ఆ రాయి ముందు నిలబడితే గొంతు పట్టేసింది.

కానీ ఆ ఉత్తరాలే నన్ను బాధ పెడతాయి కూడా. అతను రాసిన ఉత్తరాలు లక్ష దాకా ఉంటాయని ఒక అంచనా. వాటిలో కుర్ర రచయితలకి ఓపిగ్గా పాఠాలు చెప్పిన మనిషి ఉన్నాడు. నల్లవాళ్లనీ, యూదులనీ, వలస వచ్చినవాళ్లనీ అసహ్యించుకున్న మనిషీ ఉన్నాడు. నా రంగు మనిషి ఎదురైతే పక్కకి తప్పుకునేవాడేమో. 'ఆ కాలమే అంత' అని సర్దిచెప్పుకోవడం నాకు చేతకాదు. అదే కాలంలో అలా లేనివాళ్లు బోలెడుమంది. ఆ ద్వేషం ఉత్తరాల్లోనే ఆగిపోలేదు, కథల్లోకీ పారింది.

అందుకే చివరగా ఫెడరల్ హిల్‌కి నడిచాను. లవ్‌క్రాఫ్ట్ ఆఖరి ఇంటి కిటికీలోంచి పడమటి దిక్కున కనిపించిన కొండ ఇది. అప్పట్లో ఇటాలియన్ వలసదారుల పేట. కిటికీలోంచి కనిపించిన ఇక్కడి సెయింట్ జాన్స్ చర్చి చుట్టూ 1935లో 'ది హాంటర్ ఆఫ్ ది డార్క్' అల్లాడు. పూర్తిగా తన సొంతంగా రాసిన కథల్లో అదే ఆఖరిది. చర్చిని 1992లో కూల్చేశారు. ఇప్పుడక్కడ పార్కు. బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో ఆ కథ మళ్లీ చదివాను. చర్చి గోపురంలో ఉన్నదానికి వెలుగంటే పడదు. ఉరుముల వానలో ఊరంతా కరెంటు పోతుంది. అప్పుడు ఈ పేట జనం గొడుగుల కింద కొవ్వొత్తులు, లాంతర్లు పట్టుకుని చర్చి చుట్టూ నిలబడతారు. చదువుకున్న కథానాయకుడు దూరాన తన గదిలో వణుకుతుంటే, ఊరికి కాపలా కాసింది వాళ్లే. చాలామందికి పేర్లు కూడా పెట్టలేదు లవ్‌క్రాఫ్ట్. అతని కథలన్నిట్లో నాకు అందరికన్నా నచ్చిన మనుషులు మాత్రం వాళ్లే.