డోపమైన్‌కూ బీపీ ఎక్కని నెలలు నిండని బిడ్డ: కార్టిసాల్ సంగతి

కావలిలోనో కందుకూరులోనో 26, 27 వారాలకే కాన్పయి, 108లో నెల్లూరుకో ఒంగోలుకో చేరిన బిడ్డకు మొదటి రెండు మూడు రోజుల్లో బీపీ పడిపోతే అందరి చూపూ ఇన్ఫెక్షన్ మీదికి పోతుంది. పోవాల్సిందే. కానీ కిలోకు 10 మి.లీ. సెలైన్ పోసి, బీపీ పెంచే మందు డోపమైన్‌ను నిమిషానికి కిలోకు 10 మైక్రోగ్రాములు దాటించినా సగటు బీపీ గర్భవారాల అంకెను (26 వారాల బిడ్డకు 26) అందుకోకపోతే, మూత్రం తగ్గితే, ఒంట్లో బీపీని నిలబెట్టే హార్మోన్ కార్టిసాల్ చాలడం లేదేమో అని కూడా ఆలోచించాలి.

కడుపులో ఉన్నంతకాలం తల్లి కార్టిసాల్ కొంత మాయ ద్వారా బిడ్డకు అందుతుంది. బిడ్డ మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథిలో దాన్ని తయారుచేసే ఎంజైములు అన్ని వారాలకు ఇంకా పూర్తిగా పనిలోకి దిగవు. కాన్పుతో తల్లి సరఫరా ఆగిపోతుంది, అవసరమేమో అప్పుడే పెరుగుతుంది. గ్రంథి చెడిపోలేదు, ఇంకా ఎదగలేదు, అంతే. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. తల్లిదండ్రులకు ఈ మాట మొదటిరోజే చెప్పాలి.

మందుకు ముందే కార్టిసాల్‌కు రక్తం తీసి పెట్టాలి, రిపోర్టు కోసం మాత్రం ఆగకూడదు. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాముల లోపు వస్తే అనుమానం గట్టిపడుతుంది. అయితే బాగున్న బిడ్డల్లోనూ తక్కువ రావచ్చు కాబట్టి అంకె ఒక్కటే చూసి తేల్చలేం.

మందు హైడ్రోకార్టిసోన్, అంటే మందు రూపంలోని కార్టిసాలే, కిలోకు 1 మి.గ్రా., 8 నుంచి 12 గంటలకోసారి నరంలోకి. పొరపాటుకు ఎక్కువ ఆస్కారం కలపడంలోనే, ఎందుకంటే వయల్‌లో ఉండేది 100 మి.గ్రా. స్టెరైల్ వాటర్‌తో 2 మి.లీ. చేస్తే మి.లీ.కి 50 మి.గ్రా. అందులో 0.2 మి.లీ. తీసి సెలైన్‌తో 10 మి.లీ. చేస్తే మి.లీ.కి 1 మి.గ్రా. 900 గ్రాముల బిడ్డకు 0.9 మి.లీ. ఇద్దరు లెక్క సరిచూడాలి. నిల్వ కోసం బెంజైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లు ఈ బిడ్డలకు విషం, లేబుల్ చదవందే సిరంజిలోకి లాగొద్దు.

సాధారణంగా 2 నుంచి 6 గంటల్లో బీపీ లేస్తుంది, అప్పుడు ముందు డోపమైన్ దించాలి. షుగరు పెరుగుతుంది, ఫంగస్ ఇన్ఫెక్షన్ భయమూ ఉంది. అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది గుండె దగ్గరి డక్టస్ (పుట్టాక మూసుకోవాల్సిన రక్తనాళం) మూయడానికి ఇచ్చే ఇండోమెథసిన్, ఐబూప్రొఫెన్‌ల విషయంలో. హైడ్రోకార్టిసోన్‌తో కలిపి ఇస్తే పేగుకు చిల్లి పడే ప్రమాదం ఉంది. రెండింటి అవసరమూ తరచు అవే రోజుల్లో వస్తుంది కనుక కేసు షీటు పైనే రాసిపెట్టడం మేలు.

రెండో వారం దాటి, బాగా పాలు తాగుతున్న బిడ్డకు ఉన్నట్టుండి బీపీ, మూత్రం, సోడియం మూడూ తగ్గినా ఇదే గుర్తుకు రావాలి. మందు ఎన్ని రోజులు వాడారో, ఎలా తగ్గించారో డిశ్చార్జి కాగితంలో ఉండాలి. తర్వాత హెర్నియా ఆపరేషన్‌కు వెళితే, ఆ ఒత్తిడికి కార్టిసాల్ చాలకపోవచ్చు కనుక మత్తు డాక్టరుకు కావాల్సింది ఆ వివరమే.