20 లీటర్ల డబ్బా

సగం దారిలోనే డబ్బా కింద పెట్టేశాను. 20 లీటర్ల నీళ్లంటే 20 కిలోలు. లెక్క తెలుసు, బరువు తెలియదు. వెనకే వస్తున్న పదేళ్ల పిల్ల ఏమీ అనకుండా ఒక కర్ర తెచ్చి పిడిలో దూర్చింది. చెరో కొస పట్టుకున్నాం. ఆ చిన్న అరచేతులు అప్పటికే కాయలు కాచి ఉన్నాయి.

ఇంటి దగ్గర మా ఆయన రేపటి ప్రసంగం కోసం ఇక్కడి భాషలో నాలుగు వాక్యాలు వల్లె వేస్తున్నారు. ఆ పిల్ల పకపకా నవ్వి, రెండుసార్లు దిద్దింది కూడా.

యోహాను సువార్త 4వ అధ్యాయంలో, బావి దగ్గర యేసు ముందుగా అడిగింది తాగడానికి నీళ్లే. ఎన్నిసార్లు చదివామో! మేము మాత్రం వచ్చిన రోజు నుంచీ ఇవ్వడానికే తొందరపడుతున్నాం.

ప్రసంగం కాస్త కుదించమన్నాను. ఆయన ఇంకా ఒప్పుకోలేదు.