లినక్స్ ఎక్కించే ముందు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆపేసింది, మా పాత డెస్క్‌టాప్ ఏమో విండోస్ 11కి పనికిరాదు, అందుకే విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించేద్దామని కూర్చున్నా. ఇన్‌స్టాల్ పెద్ద పనేం కాదు. బ్యాకప్పే ప్రాణం తీస్తోంది.

పైడితల్లి సిరిమానోత్సవం వీడియోలు పెన్‌డ్రైవ్‌లోకి లాగుతుంటే ఒక పెద్ద ఫైలు దగ్గర ఆగిపోయింది. చోటు బోలెడుంది! సంగతేంటంటే ఆ డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంది, అందులో ఒక్క ఫైలు 4 జీబీ దాటితే పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేస్తే ఎక్కింది, లినక్స్ కూడా దాన్ని చదువుతుంది.

అసలు టెన్షన్ నాన్న ఫైళ్లతో. ఒకప్పుడు విజయనగరం కోట జంక్షన్ దగ్గర డీటీపీ (కంప్యూటర్లో టైపింగ్, పేజీ డిజైన్) చేసేవారు, అన్నీ పేజ్‌మేకర్ అనే పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతో కొట్టిన శుభలేఖలు, కరపత్రాలు. అవి ఇప్పుడు ఫోన్లలో, వెబ్‌లో వాడే యూనికోడ్ అక్షరాలు కావు, ఫాంట్ లేకపోతే తెరమీద పిచ్చి గీతలే, పైగా పేజ్‌మేకర్ లినక్స్‌లో నేరుగా నడవదు. అందుకని ఫాంట్లు కూడా కాపీ చేసి, ముఖ్యమైనవి విండోస్‌లో ఉండగానే పీడీఎఫ్ చేసేశా. "ఆ పెళ్లికొడుకులకి మనవలు కూడా పుట్టుంటారు, తీసెయ్‌రా" అన్నారు నాన్న. నేనా, తీసేది!

బ్రౌజర్ బుక్‌మార్కులు యాప్‌డేటా అనే హిడెన్ ఫోల్డర్‌లో ఉంటాయి, అదీ మర్చిపోకండి.

లైవ్ యూఎస్‌బీతో, అంటే ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే, మింట్ బూట్ చేసి బ్యాకప్ ఫైళ్లు తెరిచి చూశా, బాగానే ఉన్నాయి. విజయనగరంలో ఎవరి దగ్గరైనా ఖాళీ హార్డ్ డిస్క్ ఉంటే చెప్పండి, రెండో కాపీ పెట్టుకున్నాకే డెస్క్‌టాప్‌లోని పాత విండోస్ చెరుపుతా.